నలభై ఏడేళ్ళకు సారె ముందు

(విజయవాడలో ఒక గ్రంథాలయ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాటల్లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని. ఈ మట్టి ముద్ద అర కిలోకి కాస్త తక్కువుంటుంది. దీన్ని ముందు వరసలో ఈ చివర్నుంచి పంపిస్తున్నాను. నేను మాట్లాడినంతసేపూ ఇది మీ మధ్య తిరుగుతూ ఉంటుంది. చేతికొచ్చినప్పుడు నొక్కండి, పిసకండి, ఏం చేయాలనిపిస్తే అది చేయండి. మాస్టారూ, తెల్ల పంచె అని భయపడకండి, ఎండాక దులిపితే పోతుంది. పక్కవాళ్ళకి ఇవ్వడం మాత్రం మర్చిపోకండి.

ఇందాక పరిచయం చేసిన పెద్దాయన నన్ను కళాకారిణి అన్నారు. అది ఆయన మంచితనం. నేను బ్యాంకులో ఆఫీసర్ని, ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. ఏడేళ్ళ నుంచి శని, ఆదివారాల్లో మట్టి పని చేస్తున్నాను. ఈ ఏడేళ్ళలో చేసినవాటిలో ఇంట్లో వాడుకోడానికి నిలిచినవి ఎన్నంటే, వంటింటి అల్మారాలో రెండు అరలు. మిగతావన్నీ తిరిగి మట్టి బకెట్లోకే వెళ్ళాయి. కాబట్టి ఒక నిపుణురాలి మాటల్లా కాకుండా, మీకంటే ఏడేళ్ళు ముందుగా చేతులు పాడుచేసుకున్న మనిషి మాటల్లా వినండి.

"సారె నేర్చుకుంటున్నానండీ" అని మొదటిసారి మా అత్తగారితో చెప్పినప్పుడు, "ఎవరికే సారె? ఎవరింట్లో శుభకార్యం?" అన్నారావిడ. (నవ్వులు) కుమ్మరి సారె, అంటే కుండలు చేసే చక్రం, ఆ మాట మన ఇళ్ళల్లో అంత దూరమైపోయింది. కూతురికి పెట్టే సారె గుర్తుంది గానీ కుండ తిరిగే సారె గుర్తు లేదు.

నాకు అప్పుడు నలభై ఏడేళ్ళు. అబ్బాయి చదువుకని వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం అనేది హఠాత్తుగా చాలా పొడుగైపోయింది. మా వీధి చివర మేడ మీద ఒక స్టూడియో పెట్టారు, 8 క్లాసులకి 6,000. కట్టేశాను. నేర్పే అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. మొదటి రోజు నా చేతులు చూసి ఆ అమ్మాయి అన్న మొదటి మాట, "మేడమ్, గోళ్ళు." అంతే. పర్సులోంచి నెయిల్ కట్టర్ తీసి ఇచ్చింది. ఉద్యోగంలో చేరినప్పట్నుంచి నన్నెవరూ అలా గోళ్ళు కత్తిరించుకోమని చెప్పలేదు.

సారె మీద మట్టి పెట్టాక మొదటి పని దాన్ని సరిగ్గా నడిమధ్యకి తేవడం. స్టూడియోల్లో సెంటరింగ్ అంటారు. చూసేవాళ్ళకి అదొక పనిలా కూడా కనిపించదు, ఎందుకంటే అప్పటికింకా గిన్నె లేదు, కప్పు లేదు, తిరుగుతున్న ముద్ద ఒకటే ఉంది. కానీ ఉన్న పనంతా అదే. ముద్ద ఒక వెంట్రుకవాసి పక్కకి ఉన్నా, చక్రం తిరిగిన ప్రతిసారీ మట్టి వచ్చి అరచేతిని కొడుతుంది. డబ్, డబ్, డబ్. మీరు గట్టిగా పట్టుకుంటే అది ఇంకా గట్టిగా కొడుతుంది. చేతి బలంతో ఆపలేరు. మోచేతిని తొడకేసి ఆనించాలి, ఒళ్ళంతా కాస్త ముందుకి వంగాలి, ఎడమ అరచేయి పక్కనుంచి, కుడి చెయ్యి పైనుంచి, రెండూ కదలకుండా అలా ఉండాలి. చెయ్యి కదలకపోతే మట్టే సర్దుకుంటుంది. ఒకానొక క్షణంలో ఆ కొట్టడం ఆగిపోతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది గానీ, చేతి కింద ముద్ద నిలబడిపోయినట్టుంటుంది. కళ్ళు మూసుకుంటే తిరుగుతున్నట్టే తెలీదు.

నాకు ఆ క్షణం ఐదో క్లాసులో వచ్చింది. నా పక్క సారె మీద తొమ్మిదో తరగతి కుర్రాడు రెండో క్లాసులోనే కప్పు తీశాడు. వాడు నా వైపు చూసి, "ఆంటీ, మీరు చాలా ఆలోచిస్తున్నారు" అన్నాడు.

వాడు చెప్పింది నిజం. పిల్లలకి రాకపోవడం అలవాటే. రోజూ స్కూల్లో ఏదో ఒకటి రాదు, తిట్లు తింటారు, మర్నాడు మళ్ళీ వెళ్తారు. మనకి ఆ అలవాటు పోయింది. నలభై దాటాక మనం వచ్చిన పనులే చేస్తాం. రాని పని ఎదురైతే ఎవరికో అప్పజెప్తాం, లేదంటే "మనకెందుకులే" అంటాం. నా సంతకంతో లక్షల లోన్లు కదులుతాయి. అలాంటిది నాలుగు వారాలపాటు, ఆరుగురు చూస్తుండగా, ఒక మట్టి ముద్ద నా మాట వినలేదు. ఇంటికెళ్ళి ఏడ్చానంటే అతిశయోక్తి, కానీ టీ పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. ఏమిటో, మళ్ళీ శనివారం ఎప్పుడొస్తుందా అనిపించింది. ఈ వయసులో మట్టి పని మొదలెట్టడానికి నేను చెప్పగలిగిన కారణం అదొక్కటే. బీపీ తగ్గుతుందనీ టెన్షన్ పోతుందనీ చాలామంది చెప్తారు. నిజానికి మొదటి నెల్లో నాకు టెన్షన్ పెరిగింది.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెతుంది కదా. గుదియ అంటే దుడ్డుకర్ర. అది బయటనుంచే రానక్కర్లేదు. మన తొందరే చాలు. మొదటి ఏడాది మా మరదలి కూతురి పెళ్ళికి స్వయంగా చేసిన పూల కుండీ ఇవ్వాలని పట్టుబట్టాను. పెళ్ళి పదకొండు రోజుల్లో ఉంది. కుండీ అడుగు మందం, లోపల ఇంకా తడి. పైకి మాత్రం ఆరినట్టే కనబడింది. చెంపకి ఆనిస్తే చల్లగా ఉంటే లోపల తడి ఉన్నట్టు లెక్క అని అప్పటికే నేర్పారు. ఆనించి చూశాను, చల్లగానే ఉంది, అయినా కుండలు కాల్చే బట్టీలో, అదే కిల్న్‌లో పెట్టించాను. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు సుమారు 1,600 రెట్లు పెరుగుతాయి. మట్టి గోడలో ఇరుక్కున్న ఆవిరికి దారి లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తెల్లారి తెరిస్తే నా కుండీ ముక్కలు ముక్కలుగా, పక్కనున్న నలుగురి కప్పుల్లో, గిన్నెల్లో, అరల సందుల్లో. మట్టిలో గాలి బుడగ ఉంటే పేలుతుందని అందరూ అంటారు. పేల్చేది అసలు తడి. బుడగ మీదికి నెపం తొయ్యడం సుళువు కాబట్టి అలా చెప్పుకుంటాం. నేను కూడా ఆ రోజు బుడగ అనే చెప్పాను. పెళ్ళికి వెండి కుంకుమ భరిణె ఇచ్చాం.

కిల్న్ గురించి ఎవరైనా చెప్తే నాకు వంట కన్నా వైద్యం గుర్తొస్తుంది. అంత జాగ్రత్త. 573 డిగ్రీల దగ్గర మట్టిలో ఉన్న క్వార్ట్జ్ ఒక్కసారిగా కొలత మారుతుంది. వేడెక్కేటప్పుడు వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే డిగ్రీ దగ్గర ముడుచుకుంటుంది. ఆ గడప నెమ్మదిగా దాటించాలి, లేకపోతే సన్నటి చీలిక వస్తుంది. మా స్టూడియోలో మొదటి కాల్పు సుమారు 1,000 డిగ్రీలు. దాని తర్వాత గ్లేజ్ పూసి రెండోసారి 1,220 వరకు. వేడెక్కడానికి పగలంతా పడితే, చల్లారడానికి మరో రోజు. గ్లేజ్ అంటే గాజు పూత. బకెట్లో ఉన్నప్పుడు అన్నీ మాసిన గోడ సున్నంలా ఉంటాయి. కోబాల్ట్ ఆక్సైడ్ ఉన్నది నీలంగా బయటికొస్తుంది, రాగి ఉన్నది ఆకుపచ్చగా, ఇనుము ఉన్నది తేనె రంగు నుంచి నలుపు దాకా. పూసేటప్పుడు కనబడే రంగుకీ వచ్చే రంగుకీ సంబంధం లేదు. మూత తెరిచేటప్పుడు మా స్టూడియోలో ఆరుగురం ఆరు తలకాయలు పెడతాం. సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం పంచేటప్పుడు కూడా అంత తోపులాట ఉండదు.

ఇంకో సంగతి, కుదింపు. మీరు చేసిన కప్పు తడిగా ఉన్నప్పుడు 10 సెంటీమీటర్లుంటే, ఆరి, కాలి, చివరికి 9కి లోపే ఉంటుంది. నా మొదటి టీ కప్పుల్లో మా ఆయన ఇప్పుడు దగ్గు మందు తాగుతారు.

(ముందు వరస నుంచి ప్రశ్న: వీటిని అమ్ముతారా?)

అడుగుతారని తెలుసండీ. మన దగ్గర ఎవరేం నేర్చుకున్నా రెండో ప్రశ్న అదే. మా బ్రాంచిలో కూడా అడిగారు. బ్యాంకు బుద్ధి కదా, ఒకసారి లెక్క కట్టాను. క్లాసు ఫీజు, మట్టి, గ్లేజ్, కాల్పు ఖర్చు, నా ఆటో చార్జీలు, పగిలినవాటి నష్టం అన్నీ వేస్తే, ఒక కప్పు గిట్టుబాటు ధర దాదాపు 1,900 తేలింది. మా కొలీగ్ ఒకాయన, "ఆ రేటుకి నేను టీ కూడా పోసిస్తాను మేడమ్" అన్నారు. అమ్మను. పుట్టినరోజులకి ఇస్తాను. తీసుకున్నవాళ్ళు మొహమాటానికి మనమొచ్చినప్పుడు బయటికి తీస్తారు, అది నాకు తెలుసు.

ఇప్పుడు అసలు కథ. మూడో ఏడు నాకు కాస్త ధైర్యం వచ్చింది. వేసవి ముందు మా అత్తగారి కోసం నీళ్ళ కూజా ఒకటి చేశాను. పెద్దది. లోపలా బయటా నీలం గ్లేజ్, మెరిసిపోతోంది. ఇంటికొచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఏప్రిల్లో ఆవిడ రెండు రోజులు దాంట్లో నీళ్ళు తాగి, మూడో రోజు నన్ను పిలిచి, "చూడ్డానికి దివ్యంగా ఉందమ్మా. నీళ్ళు మాత్రం ప్లాస్టిక్ బిందెలో పోసినట్టే ఉన్నాయి" అన్నారు.

నిజమే కదా! ఊళ్ళో కుండని 1,220కి కాల్చరు, అంతకంటే చాలా తక్కువ వేడిలో కాలుస్తారు. దానికి కంటికి కనబడని చిల్లులు కోట్లుంటాయి. ఆ చిల్లుల్లోంచి నీరు మెల్లగా పైకి ఊరి, గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. మనం నొసటి మీద చెమట ఆరితే చల్లబడ్డట్టు. నేను 1,220లో కాల్చి, గాజు పూసి, ఆ చిల్లులన్నీ మూసేసి, అందమైన నీలం బాటిల్ తయారుచేశాను. కుండని కుండ కాకుండా చేసే విద్య మూడేళ్ళు కష్టపడి నేర్చుకున్నాను. (నవ్వులు)

"అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు అక్కడ ఒక కుండ పట్రా" అన్నారు అత్తగారు. గుడివాడ అవతల మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇంకా ఒక్క ఇంట్లో సారె తిరుగుతోంది. పెద్దాయనకి డెబ్భై దాటాయి. నేను కూడా ఈ పని చేస్తానని చెప్పుకోవాలన్న దుగ్ధ ఉంటుంది కదా, సంచిలో నా గిన్నె ఒకటి పెట్టుకుని వెళ్ళాను, ఉన్నవాటిలో మంచిది. ఆయన దాన్ని తీసుకుని, కళ్ళతో చూడకుండా ముందు చేత్తో బరువు చూశారు. గోరుతో అంచు మీద టంగుమని కొట్టారు. "పైన బాగా తీశారమ్మా. అడుగున మట్టి వదిలేశారు" అన్నారు. అంతే, తిరిగి ఇచ్చేశారు. మా స్టూడియోలో ఏడు వారాల తర్వాత చెప్పే మాట అది.

ఆయన పని చేస్తుంటే రెండు గంటలు కూచున్నాను. నేల మీద సారె, అంచులో ఉన్న గుంటలో కర్ర పెట్టి పది చుట్లు గిరగిరా తిప్పితే చాలాసేపు తిరుగుతుంది. ఆ తిరిగేలోపు కుండ మెడ, భుజం అయిపోవాలి. మా సారెకి కాలి కింద కరెంటు పెడల్ ఉంటుంది, ఎంతసేపైనా తిరుగుతుంది, అందుకే మేం ఎంతసేపైనా తీసుకుంటాం. నేను అంతవరకు అనుకున్నదేమిటంటే, కుండ సారె మీదే అయిపోతుందని. ఆయన తీసినదానికి అడుగే లేదు! మందంగా, కింద తెరిచి ఉన్న గొట్టంలా ఉంది. దాన్ని నీడలో కాస్త ఆరనిచ్చి, మర్నాడు ఒళ్ళో పెట్టుకుని, లోపల ఎడమ చేత్తో గుండ్రటి రాయి, బయట కుడి చేత్తో చెక్క. అంటుకోకుండా బూడిద చల్లుకుంటూ, టప్ టప్ టప్. లోపలి రాయి ఎక్కడుంటే బయట చెక్క సరిగ్గా అక్కడే పడాలి. రాయి ఆయనకి కనబడదు. అలా కొడుతూ తిప్పుతూ ఉంటే గోడ పల్చబడుతుంది, పొట్ట పెరుగుతుంది, కింద ఉన్న కన్నం కొంచెం కొంచెం దగ్గరై మూసుకుపోతుంది. అతుకు కూడా కనబడదు. సారె మీద సగం పనే. మిగతా సగం ఆ చెక్క కింద ఉంది. ఆ సగం మాకు ఏ స్టూడియోలోనూ చెప్పలేదు.

"నేర్చుకోవచ్చాండీ?" అని అడిగాను. "సరదాకా?" అన్నారు. అవునన్నాను. ఆయన తల ఊపి చెక్క తిరిగి అందుకున్నారు.

ఆ మాటలో వెటకారం లేదు, నేను చాలాసార్లు గుర్తుచేసుకుని చూశాను. కొడుకులిద్దరూ ఈ పనిలో లేరు. ఒకరు గుడివాడలో, ఒకరు హైదరాబాద్‌లో. చెరువు మట్టి తెచ్చుకోవడం కష్టమైపోయిందన్నారు. పెళ్ళిళ్ళకి అరివేణి కుండలు, దీపావళికి ప్రమిదలు, వేసవికి నీళ్ళ కుండలు, అంతవరకే బేరాలు. నేను ఆదివారం ఫీజు కట్టి చేసే పని ఆయన ఇంట్లో పుట్టుకతో వచ్చింది, దాంతోపాటు వీధిలో ఎక్కడ నిలబడాలన్న లెక్క కూడా వచ్చింది. నా వేళ్ళకి మట్టి ఉంటే ఆఫీసులో "ఎంత బాగుందో" అంటారు. ఆయనకి ఎవరూ అలా అనలేదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు. కుండ ధర 150 చెప్పారు. అంతకుముందు దీపావళికి డజను ప్రమిదల దగ్గర పది రూపాయలు తగ్గించమని బేరమాడిన మనిషిని నేనే. ఆ రోజు నోరు లేవలేదు.

తిరుమలకి వెళ్ళేవాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉంటాం. అంత బంగారం ఉన్న స్వామికి రోజూ నైవేద్యం కులశేఖర పడి, అంటే గర్భగుడి గడప, దాటి లోపలికి వెళ్ళేది పగలగొట్టిన కొత్త కుండ ముక్కలో. దాన్నే ఓడు అంటారు, అందులో దద్దోజనం. దీని వెనక భీముడనే కుమ్మరి భక్తుడి కథ చెప్తారు. గుడికి వెళ్ళే తీరిక లేక, పొద్దంతా పని చేశాక చేతికి అంటుకుని మిగిలిన మట్టితోనే పూలు చేసి ఇంట్లో స్వామికి పెట్టేవాడట. తొండమాన్ రాజు పెట్టిన బంగారు పూల మీద మర్నాడు ఆ మట్టి పూలు ఉండేవట. చిన్నప్పుడు విన్నప్పుడు భక్తి కథలాగే విన్నాను. ఇప్పుడు నాకు ఆ చేతికి మిగిలిన మట్టి దగ్గర మనసు ఆగుతుంది. సారె దగ్గర్నుంచి లేచేసరికి వేళ్ళ మధ్య, మణికట్టు మీద ఎంత ఉంటుందో తెలుసు కాబట్టి. గీసి తీస్తే ఒక చిన్న పువ్వుకి సరిపోతుంది, చేసి చూశాను.

సరే, మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు, గబగబా. మొదటి రోజే సారె కొనకండి. మా స్టూడియోలో ఒకాయన కొన్నారు, ఇప్పుడు దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నారు. ముందు కేవలం చేతులతో చేయండి. నారింజ పండంత ముద్ద తీసుకుని, మధ్యలో బొటనవేలు దింపి, తిప్పుతూ గోడలు నొక్కుకుంటూ వెళ్తే చిన్న గిన్నె వస్తుంది. లేదా మట్టిని తాళ్ళలా చేసి జంతికల్లా చుట్టుకుంటూ పైకి కట్టొచ్చు. మణికట్టు నొప్పులు, నడుం నొప్పులున్నవాళ్ళకి సారె కన్నా ఇదే మేలు. ఇంట్లో ఓవెన్ 250 డిగ్రీలు దాటదు, అందులో మట్టి కాలదు, ఎండుతుంది అంతే. దుకాణంలో దొరికే గాలికి ఆరే మట్టితో బొమ్మలు చేయండి గానీ అందులో కాఫీ తాగకండి. తినే పాత్రలకి గ్లేజ్ కొనేటప్పుడు సీసం లేనిదని చూసి కొనండి. మన వంటల్లో చింతపండు, నిమ్మకాయ లేని రోజు ఉండదు కదా, పులుపు సీసాన్ని బయటికి లాగుతుంది.

దుమ్ము గురించి మాత్రం నవ్వకుండా చెప్తాను. ఎండిన మట్టి పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, సిలికోసిస్ అంటారు. పని చేసిన చోట చీపురు పెట్టకండి, తడిగుడ్డతో తుడవండి. అలాగే మట్టి చేతులు వంటింటి సింకులో కడగకండి. ముందు బకెట్లో కడిగి, మట్టి అడుగుకి చేరాక పైన తేట మాత్రం పారబోయాలి. ఈ విషయం నేను ప్లంబర్ ద్వారా నేర్చుకున్నాను.

స్టూడియో పాటరీ అంటే ముందు చెప్పాల్సింది పుదుచ్చేరిలోని గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ, రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు 1971లో మొదలుపెట్టారు. ఇవాళ మన దేశంలో పేరున్న స్టూడియో కుమ్మరులు చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్ళే. సెలవు పెట్టి కొన్ని వారాలు దీని మీదే ఉండాలనుకుంటే హిమాచల్‌లో కాంగ్రా లోయలో ఆండ్రెట్టా అనే ఊరుంది, అక్కడే ఉండి నేర్చుకోవచ్చు. అంత దూరం ఎందుకంటే పలమనేరు వైపు వెళ్ళినప్పుడు టెర్రకోట చేసేవాళ్ళ దగ్గర ఆగండి. బొమ్మ కొనకపోయినా ఆగండి. కాదు, కొనండి.

అవునూ, నా మట్టి ఎక్కడుంది? చివరి వరస దాకా వెళ్ళిందా? ఇలా పంపించండి... ఎవరిదీ ఈ ఏనుగు? (నవ్వులు) తొండం మీద మరొకరు వేలు పెట్టినట్టున్నారు. ఇటువైపు ఎవరో పేరు రాశారు, ఇక్కడ గోరు గుర్తు. చూశారా, అంచులు పగుళ్ళిచ్చాయి. మీ అందరి చేతుల వేడికి తడి పోయింది. ఇది ఇప్పుడు సారె మీదికి పనికిరాదు. నీళ్ళలో వేద్దామన్నా కుదరదు, సగం ఆరిన మట్టి సరిగ్గా నానదు, మొండికేస్తుంది. పూర్తిగా ఎండిపోయాక వేస్తే మాత్రం తనంతట తానే విచ్చుకుని బురదైపోతుంది. అందుకని దీన్ని ఈ కిటికీ గట్టు మీద పెట్టి వెళ్తున్నాను. బుధవారానికి ఎండుతుంది, వచ్చి పట్టుకెళ్తాను. ఊడ్చేటప్పుడు చెత్త అనుకుని ఎవరూ పారేయకండి, ఏనుగుని కూడా.